గిటార్ బాడీ చెక్కలో పగుళ్లు: గుర్తుపట్టడం నుంచి అతికించడం దాకా

ఇంట్లో గిటార్ కట్టుకుంటున్నవాళ్ళ నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఒకటుంది. "బాడీ చెక్కలో పగులు కనిపించింది, ఫెవికాల్ పోసి బిగించేస్తే సరిపోతుందా?" అడిగేది నెల్లూరువాళ్ళయినా, కావలి, ఒంగోలు, మార్కాపురం వాళ్ళయినా నేను ముందు ఎదురు ప్రశ్నే వేస్తాను. ఆ పగులు ఆగిందా, ఇంకా పారుతోందా?

పారుతున్న పగుల్లో ఎంత మంచి జిగురు పోసినా దాని పక్కనే ఇంకొకటి లేస్తుంది. ఆగిపోయిన పగులైతే మామూలు సామాన్లతోనే గట్టిగా అతుకుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం జిగురు సీసా మూత తీయకముందు చేయాల్సిన పనే.

ఇది సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్ కోసం రాసింది. అంటే సుమారు 45 మి.మీ. మందం, 500 మి.మీ. పొడవు, 350 మి.మీ. వెడల్పు ఉన్న చెక్క. అకూస్టిక్ గిటార్ ముందు పలక సుమారు 3 మి.మీ. మందమే ఉంటుంది, దాని పద్ధతి వేరు.

1. ముందు పగులు రకం తేల్చుకోండి

చెక్కను కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా చూడండి. మామూలుగా కనిపించేవి ఇవి:

- చివరి పగుళ్లు. చెక్క కొసల్లో నార వెంట లోపలికి పోతాయి. చెక్కలోని తేమ పక్కల నుంచి కంటే కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొస ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.
- పైపై నెర్రెలు. సన్నగా, పొట్టిగా, చాలా ఉంటాయి. చిత్రిక పడితే చాలామటుకు పోతాయి.
- దవ్వ పగులు. దుంగ నడిమధ్య ఉండే దవ్వ మీ పలకలోకి వస్తే అక్కడి నుంచి పగుళ్లు విచ్చుకుంటాయి. ఈ భాగాన్ని కోసి పారేయడమే మందు.
- ముడి చుట్టూ పగులు. కొమ్మ మొలిచిన చోట వస్తుంది. ముడి కదులుతుంటే దాన్ని తీసేసి అక్కడ వేరే ముక్క పెట్టాలి.
- అతుకు విడిపోవడం. రెండు పలకలు కలిపి చేసిన బాడీలో నడిమధ్య తిన్నగా గీత తేలితే అది పగులు కాదు. ఆ అతుకును పూర్తిగా విడదీసి, అంచులు మళ్ళీ చిత్రిక పట్టి అతికించండి.
- అడ్డ పగులు. నారను తెంచుకుంటూ అడ్డంగా పోయేది. దుంగ పడినప్పుడో, చెట్టు గాలికి వంగినప్పుడో నార లోపలే విరిగి ఉంటుంది. ఈ చెక్క గిటార్‌కు పనికిరాదు.

ఇక పగులు నిజంగా ఎక్కడ ముగిసిందో కనిపెట్టాలి. కంటికి కనిపించే కొస అసలు కొస కాదు. గుడ్డను థిన్నర్‌లో తడిపి పగులు మీదా, దానికి ముందూ తుడవండి. ఒకటి రెండు నిమిషాల్లో చుట్టూ చెక్క ఆరిపోతుంది, పగులు గీత మాత్రం ఇంకా తడిగా, నల్లటి దారంలా మిగిలి ఉంటుంది. మీరు అనుకున్నదానికంటే అది ముందుకు పోయి ఉండటం మామూలే. ఆ దారం ఆగిన చోట పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి, పక్కనే తేదీ వేయండి. చెక్క వెనకవైపు కూడా ఇలాగే చేస్తే పగులు ఆరపార ఉందో లేదో తెలిసిపోతుంది.

2. పగులు ఎక్కడుందో చూడండి, అచ్చును జరపండి

మామూలు 10–46 తీగల సెట్టు (అతి సన్న తీగ 0.010 అంగుళం, అతి లావుది 0.046 అంగుళం) బిగిస్తే మొత్తం లాగుడు సుమారు 45 కేజీలు ఉంటుంది. ఈ లాగుడు తీగల వెంబడే, అంటే చెక్క నార వెంబడే పడుతుంది. ఎండి వచ్చిన పగుళ్లు కూడా నార వెంటే ఉంటాయి కాబట్టి తీగలు నేరుగా పగులును విప్పవు. ప్రమాదం స్క్రూల దగ్గర, పోస్టుల దగ్గర వస్తుంది.

బాగా జాగ్రత్త పడాల్సిన చోట్లు మూడు: నెక్ పాకెట్ (గిటార్ మెడ కూర్చునే గుంత) గోడలు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) స్క్రూలు దిగే చోటు, ట్రెమొలో (పిడితో కదిలే) బ్రిడ్జ్ అయితే దాని రెండు పోస్టులు కూర్చునే రంధ్రాలు. తీగల లాగుడికి ఆ పోస్టులు నెక్ వైపు నొక్కుతూ, చెక్కను నార వెంట చీల్చాలని చూస్తాయి. అక్కడ పగులున్న చెక్కలో ట్రెమొలో వద్దు, కదలని బ్రిడ్జ్ పెట్టుకోండి.

అన్నిటికంటే చవకైన మరమ్మతు అచ్చును జరపడం. గిటార్ ఆకారం కోసిన అట్టను పలక మీద అటూ ఇటూ తిప్పి చూడండి. పగులు కోసి పారేసే భాగంలోకి పోతుందా? పోకపోతే పికప్ (తీగల మోతను పట్టే భాగం) గుంతలోకో, వైరింగ్ గుంతలోకో వస్తుందా? అలా వస్తే రూటర్‌తో (గుంతలు తవ్వే మిషన్) ఆ చెక్క ఎలాగూ పోతుంది. ఈ పని చేయకుండా జిగురు దాకా వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

పలక పారేయాల్సిన సందర్భాలు:

☐ అడ్డ పగులు ఉంది
☐ పగులు ఆరపార ఉంది, పలక పొడవులో సగం దాటింది, అచ్చు జరిపినా తప్పడం లేదు
☐ పగులు లోపల పొడి రాలుతోంది, పురుగు రంధ్రాలున్నాయి
☐ నెక్ పాకెట్ రెండు గోడల్లోనూ పగులుంది

3. పగులు ఆగిందో లేదో పరీక్షించండి

ఓపిక ఎక్కువ కావాల్సింది ఇక్కడే. తొందరపడితే మిగతా పనంతా వృథా.

మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో చెక్కకు ఏడాదంతా పరీక్షే. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు. కనిగిరి, మార్కాపురం వైపు వడగాడ్పులు చెక్కలోని తేమను పీల్చేస్తాయి. నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, అప్పుడు అదే చెక్క తేమ తాగి ఉబ్బుతుంది. నవంబరులో మూసుకుపోయి కనపడని పగులు మే నెలలో నోరు తెరుస్తుంది. కాబట్టి వానాకాలంలో "పగులు దానంతటదే పోయింది" అనుకోవద్దు.

బరువు పరీక్ష. వంటింటి డిజిటల్ కాటా చాలు. పలకను వారానికోసారి తూచి, బరువు పలక మీదే రాయండి. వారం వారం తగ్గుతుంటే ఇంకా ఆరుతోంది, పగులు పారుతుంది. మూడు వారాలు వరసగా ఐదు పది గ్రాములకు మించి తేడా రాకపోతే ఆగినట్టే.

తేమ లెక్క. పిన్నులు గుచ్చే తేమ మీటర్ ఉంటే సరే. లేకపోతే పలక కొస నుంచి అరడుగు వదిలి, ఒక సన్నని ముక్క కోసి వెంటనే తూచండి. తర్వాత ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి మళ్ళీ తూచండి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి 100తో గుణిస్తే తేమ శాతం వస్తుంది. 56 గ్రాముల ముక్క 50 గ్రాములకు వచ్చిందంటే 12 శాతం. తీరప్రాంతంలో 12 దగ్గర ఉంటే పని మొదలుపెట్టొచ్చు. 15 దాటితే ముట్టుకోవద్దు.

గీత పరీక్ష. పెన్సిల్ గీత దాటి పగులు పోయిందా అని వారం వారం థిన్నర్‌తో చూడండి.

పగులు పారుతున్న చెక్కను మిద్దె మీద ఎండలో పెట్టకండి. ఎండకు పైపొర ముందు ఆరి, ఉన్న పగులుకు తోడు కొత్తవి వస్తాయి. రెండు కొసలకూ ఫెవికాల్ గానీ పాత పెయింట్ గానీ మందంగా పూయండి. గాలి ఆడే నీడలో, నేలకు తగలకుండా, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం ఉన్న పుల్లలు పెట్టి పేర్చండి. పచ్చి చెక్క అంగుళం మందం ఆరడానికి సుమారు ఏడాది పడుతుందన్నది పాత లెక్క. అంత ఆగలేమంటే పడగొట్టిన పాత ఇళ్ళ టేకు దూలాలు, ద్వారబంధాలు అడితిలో వెతకండి. అవి ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి, మేకులు మాత్రం ముందే పీకేయాలి. మామిడి, పనస, మహాగని కూడా బాగా ఆరితే మంచివే. జామాయిల్, సరుగుడు మన దగ్గర చవకగా, విరివిగా దొరుకుతాయి గానీ ఆరేటప్పుడు చీలే స్వభావం ఎక్కువ. బాడీకి వద్దు.

అతికించడానికి నాకు నచ్చే కాలం ఫిబ్రవరి, మార్చి. చెక్క మరీ ఉబ్బీ ఉండదు, మరీ ముడుచుకునీ ఉండదు.

4. సామాన్లు

☐ చెక్క జిగురు (ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, లేదా పసుపు రంగు చెక్క జిగురు)
☐ నీళ్ళలా పల్చటి సూపర్ గ్లూ
☐ నిదానంగా గట్టిపడే అరాల్డైట్, అంటే రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు (ఐదు నిమిషాల రకం వద్దు, అది లోపలికి దిగేలోపే గడ్డకడుతుంది)
☐ మెడికల్ షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి, లావు సూది
☐ పాత షేవింగ్ బ్లేడు, థిన్నర్ లేదా అసిటోన్, తడిగుడ్డ
☐ పొడవు క్లాంపులు కనీసం మూడు, చెక్క దిమ్మెలు
☐ శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ కవర్లు (జిగురు వీటికి అంటుకోదు)
☐ పదునైన ఉలి, సన్న రంపం, వాక్యూమ్ క్లీనర్

5. ఏ దశలో చేయాలి

పలక ఇంకా నలుచదరంగా ఉండగానే చేయండి. క్లాంపు నిలబడాలంటే ఎదురెదురు అంచులు సమాంతరంగా ఉండాలి, ఆకారం కోశాక ఆ వీలు పోతుంది. మందం కూడా కావలసినదానికంటే 3 మి.మీ. ఎక్కువ ఉంచుకోండి, అతికించాక చిత్రిక పట్టుకోవచ్చు.

ఆకారం కోసేశాక పగులు బయటపడితే, కోయగా మిగిలిన ముక్కలను వెతికి తెచ్చుకోండి. అవి వంపుకు అచ్చంగా సరిపోతాయి, వాటిని తిరిగి పక్కన పెట్టి వాటి మీద క్లాంపు వేయొచ్చు. అందుకే గిటార్ పూర్తయ్యేదాకా ఆ ముక్కలను పొయ్యిలో పెట్టవద్దు.

6. వెంట్రుకవాసి పగులు

బ్లేడు అంచు కూడా దిగని పగులుకు పల్చటి సూపర్ గ్లూ చాలు.

1. పగులు చుట్టూ లక్క పాలిష్ ఒక పూత వేసి ఆరనివ్వండి. పగుల్లోకి పోకుండా రెండువైపులా మాత్రమే వేయాలి. సూపర్ గ్లూ తాగిన చెక్క రంగు పట్టదు, తర్వాత మచ్చ తేలుతుంది. ఈ పూత దాన్ని ఆపుతుంది.
2. పగులు మీద ఒక్కో చుక్క వేస్తూ పొండి. చెక్క తాగినంతసేపూ వేయండి.
3. పైన నిలిచాక ఆపి, దానంతటదే గట్టిపడనివ్వండి.
4. ఉలితో గీకి, ఉప్పుకాగితం పట్టండి.

కారిన సూపర్ గ్లూను నూలు గుడ్డతో తుడవకండి. నూలుకు తగిలితే అది వేడెక్కి పొగ వస్తుంది, చేయి కాలుతుంది. కిటికీలు తెరిచి, కళ్ళద్దాలు పెట్టుకుని చేయండి.

7. నొక్కితే మూసుకునే పగులు

మొదట జిగురు లేకుండా క్లాంపు వేసి చూడండి. రెండు వేళ్ళ బలంతో తిప్పితేనే పగులు మూసుకోవాలి. ఒళ్ళంతా బిగబట్టి తిప్పితే తప్ప మూసుకోవడం లేదంటే వదిలేసి 8వ పద్ధతికి పొండి. బలవంతంగా మూసిన చెక్కలో ఆ ఒత్తిడి అలాగే ఉండి, ఎండాకాలంలో తిరగబడుతుంది.

1. పగుల్లో దుమ్మును వాక్యూమ్‌తో లాగేయండి. టేకు అయితే థిన్నర్‌తోనో అసిటోన్‌తోనో కడగండి, దానిలోని నూనె జిగురును పట్టనివ్వదు. అది ఆరిన వెంటనే జిగురు పోయాలి.
2. క్లాంపులు, దిమ్మెలు, కవర్లు అన్నీ చేతికందేలా సర్దుకోండి. మన ఎండకు తెల్ల జిగురు ఐదు నిమిషాల్లోనే పైన తోలు కడుతుంది. వేసవిలో తెల్లవారుజామునే ఈ పని పెట్టుకోవడం మేలు.
3. సిరంజితో పగులు పొడవునా జిగురు నింపండి. చిక్కగా ఉంటే నాలుగైదు నీటి చుక్కలు కలపొచ్చు, అంతకు మించి వద్దు.
4. పగులు ఆరపార ఉంటే కింద వాక్యూమ్ గొట్టం ఆనించి పట్టుకోండి. పైన పోసిన జిగురు కిందికి దిగుతూ కనిపిస్తుంది. కింద చుక్క తొంగిచూడగానే గొట్టం తీసేయండి. ఆరపార లేకపోతే బ్లేడును పగుల్లో పైకీ కిందికీ ఆడిస్తూ జిగురును లోపలికి తోయండి.
5. క్లాంపులను పగులుకు అడ్డంగా వేయండి. మధ్యది ముందు, తర్వాత చివరివి. పొడవునా సన్నని జిగురు పూసలు బయటికి రావాలి. ఎక్కడ రాలేదో అక్కడ జిగురు అందలేదు, విప్పి మళ్ళీ పోయండి.
6. పలక పైకి లేవకుండా పైనా కిందా దిమ్మెలు పెట్టి, మధ్యలో పాల కవర్లు వేసి బిగించండి.
7. ఒక రోజంతా కదపవద్దు.

క్లాంపు విప్పగానే చిత్రిక పట్టకండి. జిగురులోని నీటికి పగులు అంచులు కొంచెం ఉబ్బి ఉంటాయి. అప్పుడే చదును చేస్తే అవి ఆరాక అక్కడ సన్నని గాడి పడుతుంది, మెరిసే ఫినిష్ కింద అది దాగదు. మూడు నాలుగు రోజులు ఆగండి.

8. మూసుకోని పగులు

మిల్లీమీటరుకు మించి నోరు తెరిచిన పగులును నింపాల్సిందే. బాడీకి పైన రంగు వేయడం లేదంటే అదే చెక్క పేడు దింపడం ఉత్తమం.

సన్న రంపంతో పగులు వెంట కోసి రెండు గోడలూ తిన్నగా చేయండి. అదే పలక మిగులు నుంచి, నార వాటం కలిసేలా సన్నని పేడు తీయండి. కింది అంచు కొంచెం పలచగా, పై అంచు మందంగా చిత్రిక పట్టండి. జిగురు పూసి కొయ్యసుత్తితో మెల్లగా దింపండి. లోపలికి పోనంటే కొట్టకండి, బయటికి తీసి ఇంకొంచెం పలచన చేయండి. గట్టిగా కొడితే అదే మేకులా పనిచేసి పగులును పెంచుతుంది. ఆరాక పైకి ఉన్నది ఉలితో కోసేయండి.

గోడలు వంకరటింకరగా ఉంటే, లేదా పైన గట్టి రంగు వేయబోతుంటే అరాల్డైట్ పోయండి. ట్యూబు మీద రాసిన పాళ్ళలో కలిపి, అదే చెక్క సన్నపొడి కొంచెం చేర్చండి. పొడి వల్ల రంగు అసలు చెక్కకంటే ముదురుగా వస్తుంది, కాబట్టి పనికిరాని ముక్క మీద ముందు వేసి చూడండి. రెండు విడతలుగా పోస్తే గాలి బుడగలు నిలవవు. మే నెల వేడికి కలిపిన అరాల్డైట్ గిన్నెలోనే గట్టిపడటం మొదలవుతుంది, కొంచెం కొంచెంగానే కలుపుకోండి.

ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పూడ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. తలుపులకు సరే, గిటార్‌కు వద్దు. అది ఆరేకొద్దీ కుంగుతుంది, నల్లగా కనిపిస్తుంది, బలం ఇవ్వదు.

9. డమరుకం బిళ్ళ

పగులు పొడవుగా ఉండి, బలం పడే చోటికి దగ్గరగా ఉంటే పూడ్చడంతో సరిపెట్టకండి. వెనకవైపు డమరుకం ఆకారపు బిళ్ళ దించండి. దాని నడుము సరిగ్గా పగులు మీద, రెండు వెడల్పు కొసలూ పగులుకు చెరోవైపున ఉండాలి. బిళ్ళ నార పగులుకు అడ్డంగా పోవాలి, అదే ముఖ్యం. పగులు వెంటే నార ఉంటే బిళ్ళ నడుము దగ్గర తుంచుకుపోతుంది.

మందం 12 నుంచి 15 మి.మీ. ఉంటే చాలు. బిళ్ళను ముందు తయారుచేసి, దాన్ని పలక మీద పెట్టి పదునైన కత్తి మొనతో చుట్టూ గీయండి. పెన్సిల్ గీత లావుగా ఉండి వదులు ఇస్తుంది. గీత లోపలే గుంత తవ్వి, చివరి వెంట్రుకవాసి ఉలితో తీయండి. బిళ్ళకు సన్నని నార ఉన్న గట్టి చెక్క కావాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్ళ పనితనం చూసినవాళ్ళకు అలాంటి చెక్క ఎంత శుభ్రంగా తెగుతుందో తెలుసు.

10. స్క్రూ దగ్గర చీలితే

నెక్ స్క్రూలు బాడీలో మరలు పట్టుకోకూడదు, నెక్‌లోనే పట్టాలి. 4 మి.మీ. స్క్రూకు బాడీలో 4.5 మి.మీ. రంధ్రం వేసి, స్క్రూ చేత్తో తోస్తేనే జారిపోయేలా ఉంచండి. బ్రిడ్జ్ స్క్రూలకు ముందుగా సన్న బరమాతో రంధ్రం వేసి, మరలకు కొంచెం సబ్బు రాయండి.

ఇప్పటికే చీలి ఉంటే స్క్రూ తీసి, చీలికలో పల్చటి జిగురు ఎక్కించి క్లాంపు వేయండి. ఆరాక ఆ రంధ్రాన్ని పెద్దది చేసి గట్టి చెక్క పుల్లను జిగురుతో దింపి, కొత్తగా రంధ్రం వేయండి.

11. ఎక్కువగా జరిగే తప్పులు, విరుగుళ్ళు

ఎండిన పాత ఫెవికాల్ మీద మళ్ళీ ఫెవికాల్. అది పట్టదు. రంపంతో కోసి కొత్త చెక్క గోడలు తేల్చండి, లేదా అరాల్డైట్ వాడండి.

క్లాంపు మరీ బిగించడం. జిగురంతా బయటికి పోయి అతుకు ఎండుగా మిగులుతుంది. పూసలు కనిపించగానే ఆపండి.

క్లాంపులు లేవని తాడుతో కట్టడం. తాడు ఒకచోట నొక్కి ఇంకోచోట వదిలేస్తుంది. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, సాగదీస్తూ గట్టిగా చుట్టండి, ఒత్తిడి అంతటా పడుతుంది.

కారిన జిగురును తుడిచి అలాగే వదిలేయడం. పలచని పొర మిగిలి, పాలిష్ వేసినప్పుడు తెల్లమచ్చ అవుతుంది. థిన్నర్‌తో తుడిస్తే అది ముందే బయటపడుతుంది, అప్పుడు గీకేయండి.

12. ఫినిష్‌కు ముందు, తర్వాత

☐ వేలి కణుపుతో తట్టితే పగులు దగ్గరా, దూరంగా ఒకే మోత వస్తోంది, గరగర లేదు
☐ థిన్నర్ తుడిస్తే నల్లదారం కనిపించడం లేదు
☐ పగులు కొస గీత దాటలేదు
☐ అతికించి కనీసం వారం అయింది

ఫినిష్‌ను ముందు వైపు మందంగా, వెనక పలచగా వేయకండి. గుంతల లోపల, నెక్ పాకెట్ అడుగున కూడా ఒక పూత వేయండి. వదిలేసిన చోటు నుంచే తేమ వచ్చిపోతుంది.

తీగలు బిగించి ట్యూన్ చేశాక వారం రోజులు రోజూ ఏటవాలు వెలుతురులో అతుకును చూడండి. పగులు వెంట ఫినిష్ మీద సన్నగీత తేలితే వెంటనే తీగలు వదులు చేయండి. గీత పెరగకుండా అలాగే ఉంటే అది జిగురు కుంగడమే, ఉప్పుకాగితం పట్టి ఇంకో పూత వేస్తే సరి. రోజురోజుకూ పెరుగుతుంటే ఫినిష్ గీకి, వెనకవైపు డమరుకం బిళ్ళ దించాల్సిందే.